ఏటికి వరదను తిరిగి ఇవ్వడం: మోనో బేసిన్‌లో రష్ క్రీక్ కేసు

ఎండగట్టిన ఏటిలోకి మళ్లీ నీళ్లు వదిలినంత మాత్రాన ఏరు కోలుకుంటుందా, కోలుకోవాలంటే ఎన్ని నీళ్లు, ఏ నెలలో, ఏ వేగంతో వదలాలి అన్న ప్రశ్నలు వాన తక్కువ ప్రాంతాల్లో పనిచేసే జలవనరుల ఇంజనీర్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతాయి. వీటికి కోర్టు తీర్పుల్లోనూ, నీటి హక్కుల లైసెన్సుల్లోనూ, ఏటి ఒడ్డున మళ్లీ మొలిచిన చెట్లలోనూ జవాబులు దొరికే చోటు ఒకటుంది. అది అమెరికా పడమటి భాగంలో, కాలిఫోర్నియా రాష్ట్రపు తూర్పు అంచున, సియెర్రా నెవాడా పర్వతాల వెనుక ఉన్న మోనో బేసిన్. అక్కడి వాగుల్లో పెద్దదైన రష్ క్రీక్‌ను 1941 నుంచి లాస్ ఏంజెలెస్ నగరం తాగునీటి కోసం మళ్లించింది. దిగువ భాగం దాదాపు నాలుగు దశాబ్దాల పాటు, భారీ మంచు కురిసిన సంవత్సరాల్లో తప్ప, ఎండిపోయి ఉంది. 1980లలో నడిచిన వ్యాజ్యాల ఫలితంగా ఆ ఏటిలో మళ్లీ నీరు పారుతోంది.

నదుల, వాగుల ప్రవాహ లెక్కలే వృత్తిగా ఉన్న నేను ఈ కేసును పదే పదే తిరగేయడానికి కారణం ఉంది. 'కనీస ప్రవాహం', అంటే ఏటిలో ఎప్పుడూ ఇంతకు తగ్గకూడదని నిర్ణయించిన నీరు, అనే భావన ఏటిని ఎంతవరకు కాపాడగలిగిందో, ఎక్కడ సరిపోక ఆగిపోయిందో ఇక్కడ కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. ఏరు కోలుకోవడమనేది ఏడాదికి ఇచ్చే నీటి మొత్తం కంటే ఆ నీటి హెచ్చుతగ్గుల మీద, ఆ హెచ్చుతగ్గులను పుట్టించగల కట్టడం ఉందా లేదా అన్నదాని మీద, ఏరు చివరికి చేరే సరస్సు మట్టం మీద ఎక్కువగా ఆధారపడుతుందన్నది నా నిశ్చితాభిప్రాయం. అందుకు ఆధారాలను ఇక్కడ వివరంగా పెడుతున్నాను.

సముద్రం చేరని నీళ్లు

మోనో బేసిన్ నలువైపులా మూసుకుపోయిన పరీవాహక ప్రాంతం. అక్కడ పడిన నీరు ఏ నదిలోనూ కలిసి సముద్రానికి పోదు. వాగులన్నీ మోనో సరస్సులో చేరతాయి, సరస్సు నీటికి ఆవిరి కావడం తప్ప బయటికి దారి లేదు. వేల సంవత్సరాలుగా వాగులు తెచ్చిన లవణాలు అందులోనే పోగుపడటంతో, మళ్లింపు మొదలుకాక ముందే, సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల లవణాలు ఉంటే ఈ సరస్సులో సుమారు 50 గ్రాములు ఉండేవి. నీటి పీహెచ్ 10 దగ్గర, అంటే బాగా క్షారంగా, ఉంటుంది. అందులో చేపలు బతకవు. అయితే ఉప్పునీటి రొయ్యలు, ఆల్కలీ ఈగలు లెక్కకు అందనంతగా పెరుగుతాయి. వాటిని తినడానికి గల్ పక్షులు, ఫాలరోప్‌లు, శరత్కాలంలో లక్షల సంఖ్యలో గ్రీబ్‌లు వస్తాయి. ఆ నేల ఆదివాసులైన కుట్జడికా పయూట్ ప్రజలు ఈగల ప్యూపాలను సేకరించి ఆహారంగా నిల్వ చేసుకునేవారు.

పసిఫిక్ మహాసముద్రం నుంచి వచ్చే తుపానులు తమ తేమలో ఎక్కువ భాగాన్ని సియెర్రా శిఖరాల మీదే మంచుగా కురిపించి దాటుతాయి కాబట్టి తూర్పు వైపు నేల వర్షచ్ఛాయలో ఉండిపోతుంది. పడమటి కనుమల వెనుక అనంతపురం ఉన్న స్థితి తెలిసినవారికి ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. తేడా ఏమిటంటే, అనంతపురం వాగులకు వాన పడిన గంటల్లో వచ్చే నీరు ఆధారం. మోనో వాగులకు చలికాలమంతా శిఖరాల మీద పేరుకుని, మే నుంచి జూలై వరకు మెల్లగా కరిగే మంచు ఆధారం. ఆ కరుగుదల వల్ల ప్రవాహం వసంతంలో పెరిగి, సాధారణంగా జూన్‌లో శిఖరానికి చేరి, వేసవి చివరికి వారాల తరబడి నిదానంగా తగ్గుతుంది. ఈ నిదానమే ఈ కేసులో కీలకం.

రష్ క్రీక్ శిఖరాల దగ్గర పుట్టి, సిల్వర్ లేక్, గ్రాంట్ లేక్ మీదుగా దిగి, పార్కర్, వాకర్ అనే రెండు చిన్న వాగులను కలుపుకొని, 'నారోస్' అనే ఇరుకు రాతి దారి దాటాక విశాలమైన పల్లపు నేలలో పారి సరస్సులో కలుస్తుంది. ఆ పల్లపు నేలను అక్కడివారు 'బాటమ్‌ల్యాండ్స్' అంటారు. ఒకప్పుడు అక్కడ ఊటలు, చిత్తడి పచ్చిక, కాటన్‌వుడ్, విల్లో చెట్ల గుంపులు, ఒకటికి పది పాయలుగా చీలి మళ్లీ కలిసే ఏరు ఉండేవి. ఎగువన జెమ్ లేక్, ఆగ్న్యూ లేక్ వంటి జలాశయాలను విద్యుత్తు కోసం 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లోనే కట్టారు. విద్యుత్ కేంద్రం నీటిని ఖర్చు చేయకపోయినా, జూన్ వరదలో కొంత పట్టి ఉంచి తర్వాత వదులుతుంది కాబట్టి ఏటి సహజమైన హెచ్చుతగ్గులు అప్పటికే కొంత మొద్దుబారాయి. లాస్ ఏంజెలెస్ ఒక్కటే ఈ ఏటిని మార్చిందనుకోవడం సరికాదు.

ఏరు చెడిన క్రమం

లాస్ ఏంజెలెస్ 1913లో ఓవెన్స్ లోయ నుంచి తొలి కాలువను పూర్తి చేసింది. 1930లలో ఆ కాలువను ఉత్తరానికి పొడిగించి, మోనో క్రేటర్స్ అనే అగ్నిపర్వతాల కింద సుమారు 11 మైళ్ల సొరంగం తవ్వి, మోనో వాగుల నీరు ఓవెన్స్ నదిలో పడేలా ఏర్పాటు చేసింది. 1940లో రాష్ట్ర నీటి అధికారులు ఇందుకు అనుమతులిచ్చారు. సరస్సుకు, వాగులకు నష్టం జరుగుతుందని వారికి తెలియక కాదు; గృహావసరం అన్నిటికంటే ఉన్నతమైన వినియోగమని చట్టం చెబుతున్నప్పుడు తిరస్కరించే అధికారం తమకు లేదని వారు భావించారు. లీ వైనింగ్, వాకర్, పార్కర్, రష్ అనే నాలుగు వాగుల నీరు 1941 నుంచి మళ్లింది. ఆ నీటిని నిలబెట్టడానికి గ్రాంట్ లేక్ దగ్గర కట్టిన ఆనకట్ట సామర్థ్యం సుమారు 47,000 ఎకరా-అడుగులు, అంటే మన లెక్కలో 2 టీఎంసీలకు కాస్త పైన. 1970లో రెండో కాలువ పూర్తయ్యాక ఏటా మళ్లించిన నీరు సగటున లక్ష ఎకరా-అడుగులకు, అంటే సుమారు 4.4 టీఎంసీలకు చేరింది.

సరస్సు మట్టాన్ని అక్కడా మన శ్రీశైలం, సాగర్‌ల మాదిరే సముద్ర మట్టం నుంచి అడుగుల్లో చెబుతారు. 1941లో 6,417 అడుగులున్న మట్టం 1982 నాటికి 6,372 అడుగులకు పడిపోయింది. నీటి పరిమాణం 43 లక్షల ఎకరా-అడుగుల నుంచి 21 లక్షలకు, అంటే సుమారు 187 టీఎంసీల నుంచి 91 టీఎంసీలకు తగ్గింది. లవణాల గాఢత దాదాపు రెట్టింపైంది. 1979లో సరస్సులోని నెగిట్ ద్వీపానికి నేల దారి తేలడంతో కయోటీలనే నక్కల వంటి జంతువులు నడిచి వెళ్లి గల్ పక్షుల గూళ్లను చెదరగొట్టాయి. బయటపడిన సరస్సు అడుగు నుంచి గాలికి లేచే క్షారపు ధూళి ఆరోగ్య ప్రమాణాలను మించింది. సరస్సు సంగతి ప్రపంచానికి తెలిసినంతగా ఏటి సంగతి తెలియలేదు. అందుకే ఏటి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

నీరు ఆగిపోగానే ముందు పోయినవి ఒడ్డు చెట్లు. కాటన్‌వుడ్, విల్లో వేళ్లు ఏటి నుంచి పక్కకు ఊరే భూగర్భ జలాన్ని నమ్ముకుని ఉంటాయి. ఏరు ఎండితే ఆ జలమట్టం కిందికి జారి, వేళ్లకు అందకుండా పోతుంది. చెట్లు చచ్చాక వేళ్ల పట్టు లేని ఒడ్డు వట్టి గులకరాళ్ల, ఇసుక గట్టుగా మిగులుతుంది. సరిగ్గా ఈ స్థితిలో ఉన్నప్పుడు, కాలువ సామర్థ్యానికి మించి మంచు కరిగిన 1967, 1969 వంటి సంవత్సరాల్లో నగరం తీసుకోలేని వరదంతా ఒక్కసారిగా ఎండిన ఏటిలోకి వచ్చిపడింది. చెట్లున్న కాలంలో ఇంతటి వరద ఒడ్డు దాటి మైదానమంతా పరుచుకుని, ఒండ్రు వదిలి, వేగం తగ్గి వెళ్లేది. చెట్లు లేనప్పుడు అదే వరద ఒడ్లను కోసుకుంటూ పాయలన్నిటినీ ఒకే వెడల్పాటి, లోతులేని, నీడలేని రాళ్ల దారిగా మార్చేసింది.

దిగువన జరిగిన నష్టం ఇంకో రకమైనది. ఏ ఏరైనా తాను చేరే నీటి మట్టానికి తగినట్టు తన వాలును సరిచేసుకుంటుంది. సరస్సు పదుల అడుగులు కిందికి దిగడంతో ఏటి ముఖద్వారం దగ్గర వాలు నిటారుగా మారింది. వరద వచ్చినప్పుడల్లా అక్కడ మొదలైన కోత మెట్టులా ఎగువకు పాకుతూ పాత డెల్టాను చీల్చుకుని పోయింది. పక్కనున్న పచ్చిక నేలంతా కోతకు గురైన ఏటి కంటే చాలా ఎత్తున మిగిలిపోయింది. ఆ నేల కింది భూగర్భ జలం లోతైన ఏటిలోకి ఊరి వెళ్లిపోయింది. ఇలాంటి చోట ఏటిలో మళ్లీ ఎంత నీరు పారించినా పైనున్న నేల తడవదు. పునరుద్ధరణ అంటే తూము తెరవడమే అనుకునేవారికి నేను ముందుగా చూపేది ఈ డెల్టానే.

చేపల చట్టం, ప్రజల సరస్సు

1976లో విద్యార్థుల బృందం ఒకటి సరస్సు జీవావరణం మీద చేసిన అధ్యయనం ఈ ప్రమాదాన్ని వెలుగులోకి తెచ్చింది. అందులో ఉన్న డేవిడ్ గెయిన్స్ 1978లో మోనో లేక్ కమిటీని స్థాపించారు. ఆ కమిటీ 1979లో పక్షుల రక్షణకు పనిచేసే నేషనల్ ఆడుబాన్ సొసైటీతో కలిసి నగరం మీద వేసిన దావాలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1983లో తీర్పు చెప్పింది. నౌకాయానానికి అనువైన జలాలను ప్రభుత్వం ప్రజల తరఫున ధర్మకర్తగా కాపాడాలని, ఒకసారి ఇచ్చిన నీటి హక్కును కూడా ఆ బాధ్యత వెలుగులో తిరిగి పరిశీలించే అధికారం, విధి ప్రభుత్వానికి ఉన్నాయని ఆ తీర్పు సారాంశం. నగరానికి నీరు అక్కర్లేదని కోర్టు అనలేదు. రెండు ప్రయోజనాలనూ తూచి చూడకుండా నిర్ణయించడం చెల్లదని చెప్పింది.

తెలుగు పాఠకులకు ఈ తీర్పుతో నేరుగా సంబంధం ఉంది. భారత సుప్రీంకోర్టు బియాస్ నది ఒడ్డు ఆక్రమణ మీద ఎం.సి.మెహతా వర్సెస్ కమల్‌నాథ్ కేసులో ప్రజాధర్మకర్తృత్వ సిద్ధాంతాన్ని భారత చట్టంలో భాగమని ప్రకటించినప్పుడు, మోనో సరస్సు తీర్పునే విస్తారంగా ఉదహరించింది. అదే సిద్ధాంతాన్ని 2006లో తిరుపతి దగ్గరి అవిలాల, పేరూరు చెరువుల భూముల కేసులో వర్తింపజేసింది. సియెర్రా వెనుక ఉన్న ఉప్పు సరస్సు కోసం రాసిన న్యాయవాదం రాయలసీమ చెరువు గట్టు దాకా వచ్చిందన్న విషయం మన ఇంజనీరింగ్ పాఠాల్లో ఇంతకంటే ఎక్కువగా కనిపించాలి.

అయితే ఏటికి నీళ్లు తెచ్చింది ఆ మహాసిద్ధాంతం కాదు, చేపల గురించిన చిన్న చట్ట నిబంధన. 1980ల తొలి సంవత్సరాల్లో భారీ మంచు కురిసి గ్రాంట్ లేక్ అలుగు పారింది. దానితోపాటు ట్రౌట్ చేపలు దిగువ రష్ క్రీక్‌లోకి వచ్చి స్థిరపడ్డాయి. 1984లో నగరం నీటిని తిరిగి ఆపబోయినప్పుడు వేసిన దావాలో, 19 క్యూసెక్కుల ప్రవాహం ఆపకూడదని కోర్టు ఆదేశించింది. ఆనకట్ట యజమాని ఎవరైనా దిగువనున్న చేపలు మంచి స్థితిలో ఉండటానికి తగినంత నీరు ఎల్లవేళలా వదలాలని కాలిఫోర్నియా చేపల, వేట చట్టంలోని 5937వ సెక్షన్ చెబుతుంది. కాల్‌ట్రౌట్ అనే సంస్థ వేసిన కేసుల్లో 1989, 1990లలో వచ్చిన తీర్పులు నగరపు లైసెన్సులకు ఈ సెక్షన్ వర్తిస్తుందని తేల్చాయి. నిజానికి ట్రౌట్‌లు మోనో వాగులకు స్థానిక జాతి కావు, స్థిరపడినవారు తెచ్చి వదిలినవే. కానీ చట్టం ఆ తేడా చూపదు. తెచ్చి వదిలిన చేపలైనా, ముందునుంచీ ఉన్నవైనా కాపాడాలని అంటుంది. ఆ చేపల వల్లే చెట్లకు, పక్షులకు, చివరికి సరస్సుకు కూడా నీరు దక్కింది.

1994 సెప్టెంబర్ 28న రాష్ట్ర జలవనరుల నియంత్రణ బోర్డు 1631వ నిర్ణయాన్ని వెలువరించింది. నాలుగు వాగుల్లో ఏడాది పొడవునా ఉండాల్సిన ప్రవాహాలను, ఏడాదికోసారి వదలాల్సిన వరదను, సరస్సు చేరాల్సిన మట్టాన్ని అది నిర్ణయించింది. మట్టం 6,377 అడుగుల కంటే తక్కువ ఉంటే నగరం చుక్క నీరు కూడా ఎగుమతి చేయకూడదు. 6,377 నుంచి 6,380 వరకు ఏడాదికి 4,500 ఎకరా-అడుగులు, 6,380 నుంచి 6,391 వరకు 16,000 ఎకరా-అడుగులు, అంటే 0.7 టీఎంసీ మాత్రమే తీసుకోవచ్చు. లక్ష నుంచి పదహారు వేలకు దిగడమంటే నగరానికి చిన్న విషయం కాదు. రాష్ట్ర, సమాఖ్య ప్రభుత్వాలు పొదుపుకు, వాడిన నీటిని శుద్ధి చేసి తిరిగి వాడటానికి నిధులిచ్చాయి. ఈస్ట్ లాస్ ఏంజెలెస్ తల్లుల సంఘం తక్కువ నీటితో పనిచేసే టాయిలెట్లను ఇంటింటికీ చేర్చింది. జనాభా పెరిగినా నగరపు నీటి వాడకం పెరగలేదు. మోనో వాగులకు దొరికిన నీరు మరో నది నుంచి కాకుండా ఆ నగరపు ఇళ్లలో చేసిన పొదుపు నుంచి రావడం ఈ కేసులో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించే భాగం.

నీళ్లు వచ్చాక ఏటిలో జరిగినది

1998లో బోర్డు ఇచ్చిన ఆదేశాలు పునరుద్ధరణ పనిని, ఏటా కొలతలు తీసుకునే బాధ్యతను నిర్దేశించాయి. స్వతంత్ర శాస్త్రవేత్తలు ఏటి అడుగు ఎత్తును, భూగర్భ జలమట్టాన్ని, చేపల బరువును, చెట్ల విస్తీర్ణాన్ని కొలుస్తూ వచ్చారు. తొలి రోజుల్లో యంత్రాలతో గుంటలు తవ్వడం, దుంగలు అమర్చడం, మొక్కలు నాటడం వంటి పనుల మీద ఆసక్తి ఎక్కువగా ఉండేది. క్రమంగా ఆలోచన మారింది: పశువుల మేతను ఆపి, పూడుకుపోయిన పాత పాయల నోళ్లు తెరిచి, మిగతా పనిని వరదకు అప్పగించడం మేలన్న అభిప్రాయం బలపడింది. నేను ఈ అభిప్రాయంతో పూర్తిగా ఏకీభవిస్తాను. మనిషి అమర్చిన దుంగను ఏరు వచ్చే వరదలో వేరేచోట పెడుతుంది. ఒడ్డున పెరిగి, వరదకు ఒరిగిన చెట్టును మాత్రం ఏరే వాడుకుని దాని వెనుక గుంట, ముందు ఇసుక మేట కట్టుకుంటుంది.

వరద ఎందుకు అవసరమో కాటన్‌వుడ్ గింజను చూస్తే తెలుస్తుంది. ఆ చెట్టు తన దూది గింజలను వేసవి మొదట్లో, అంటే మంచు వరద శిఖరం దాటి తగ్గుతున్న రోజుల్లో వదులుతుంది. గింజ మొలిచే శక్తి కొద్ది రోజులే ఉంటుంది. అది వరద అప్పుడే కడిగి వెళ్లిన తడి ఒండ్రు మీద, ఎండ బాగా తగిలే చోట పడాలి. మొలిచాక నీటి మట్టం తగ్గే వేగానికి వేరు పరుగెత్తగలగాలి. రోజుకు సుమారు 2.5 సెంటీమీటర్ల కంటే వేగంగా మట్టం పడిపోతే లేత మొక్క ఎండిపోతుంది. పైగా మరుసటి సంవత్సరపు వరదకు కొట్టుకుపోకుండా, ఎండాకాలపు మట్టానికి మరీ దూరం కాకుండా ఉండే సన్నని ఎత్తు పట్టీలోనే అది బతకగలదు. అంటే గరిష్ఠ ప్రవాహం ఎంత ఎత్తుకు వెళ్లింది, ఎన్ని రోజులుంది, ఎంత నిదానంగా తగ్గింది అన్న మూడూ కుదిరిన సంవత్సరంలోనే ఒక తరం చెట్లు పుడతాయి. వందసార్లు వదిలిన స్థిరమైన 40 క్యూసెక్కులు ఈ పని చేయలేవు.

ఇందుకు సాక్ష్యం దక్షిణాన, అదే నీటి వ్యవస్థలోనే ఉంది. 1913 నుంచి ఎండి ఉన్న దిగువ ఓవెన్స్ నదిలో, 62 మైళ్ల పొడవునా, 2006 డిసెంబర్‌లో మళ్లీ నీరు వదిలారు. అది చాలా గొప్ప పని, అందులో సందేహం లేదు. కానీ అక్కడ ఏడాది పొడవునా స్థిరంగా ఉండే సుమారు 40 క్యూసెక్కుల ప్రవాహం ఆధారం, వసంతంలో పెంచే ప్రవాహానికి 200 క్యూసెక్కుల పరిమితి. ఫలితంగా నదీమార్గం చాలాచోట్ల జమ్ము, తుంగ జాతి మొక్కలతో పూడుకుపోయింది. ఆశించిన కాటన్‌వుడ్, విల్లో అడవి ఆశించినంతగా రాలేదు. అక్కడి నేల చదును, నీరు వెచ్చన, పోషకాలు ఎక్కువ కాబట్టి రెండింటినీ సూటిగా పోల్చడం సరికాదన్నది నిజమే. అయినా హెచ్చుతగ్గులు లేని ప్రవాహం ఏ మొక్కలకు మేలు చేస్తుందో, ఏ మొక్కలకు చోటు లేకుండా చేస్తుందో చూడటానికి ఈ రెండు ఏర్లను పక్కపక్కన పెట్టుకోవడం కంటే మంచి పాఠం లేదు.

రష్ క్రీక్‌లో వరద దొరికిన భాగాల్లో ఫలితం కళ్లకు కనిపిస్తుంది. విల్లో పొదలు ఒడ్లను పట్టి నిలిపాయి, ఏటి మార్గం ఇరుకై లోతు పెరిగింది, తెరిచిన పాయల వెంట భూగర్భ జలం పైకి లేచి పచ్చిక తిరిగి వచ్చింది. ఎల్లో వార్బ్లర్ పక్షులు గూళ్లు కడుతున్నాయి. లీ వైనింగ్, వాకర్, పార్కర్ వాగుల మళ్లింపు గట్ల వెనుక ఆగిపోయే గులకను దిగువకు దాటించే ఏర్పాట్లు కూడా ఈ పనిలో భాగమే. వరదకు మోయడానికి రాయి, ఇసుక లేకపోతే అది తన అడుగునే తినేస్తుంది.

ఆదేశానికీ గేటుకూ మధ్య

2010లో శాస్త్రవేత్తలు తమ కొలతలన్నిటినీ సమీకరించి, పాత కనీస ప్రవాహాల స్థానంలో సంవత్సరపు మంచు పరిమాణాన్ని బట్టి రోజువారీగా మారే ప్రవాహాల పట్టికను ప్రతిపాదించారు. సంవత్సరాలను పొడి నుంచి అతి తడి వరకు ఏడు రకాలుగా విభజించి, ఒక్కో రకానికి వసంతపు పెరుగుదల, శిఖరం, నిదానమైన తగ్గుదల, చలికాలపు తక్కువ ప్రవాహం ఎలా ఉండాలో చెప్పారు. చలికాలంలో పాత ఆదేశం కంటే తక్కువ నీరు చాలన్నది ఆసక్తికరమైన విషయం. ట్రౌట్‌లకు చలికాలంలో నెమ్మదైన నీరు కావాలి. అక్కడ మిగిలిన నీటిని జూన్‌లో వాడితే చెట్లకు, ఏటి రూపానికి ఉపయోగం. అంటే నగరపు వాటాను తగ్గించకుండానే ఏటికి చేసే మేలును పెంచవచ్చు.

అడ్డం వచ్చింది కట్టడం. గ్రాంట్ లేక్ నుంచి రష్ క్రీక్‌కు నీరు వదిలే తూము, దాని తర్వాతి కాలువ సుమారు 380 క్యూసెక్కులకు మించి ఇవ్వలేవు. తడి సంవత్సరాలకు పట్టిక కోరే శిఖరాలు దీనికి చాలా పైన ఉంటాయి. అంతకు మించిన నీరు రావాలంటే జలాశయం పూర్తిగా నిండి, అలుగు మీద నుంచి పొర్లాలి. పొర్లిన రోజు, పరిమాణం, తగ్గే వేగం ఏదీ మన చేతిలో ఉండదు. లీ వైనింగ్ క్రీక్ నీటిని గొట్టం ద్వారా తెచ్చి కలిపే మార్గం ఉన్నా, అప్పుడు ఒక ఏటి వరదను తీసి మరో ఏటికి ఇచ్చినట్టవుతుంది. ఇక పొడి సంవత్సరాల్లో గ్రాంట్ లేక్ నిల్వ బాగా తగ్గితే, అందులోంచి వచ్చే నీరు వేసవిలో వెచ్చబడి ట్రౌట్‌లను ఇబ్బంది పెడుతుంది. 2012 నుంచి 2016 వరకు సాగిన కరవులో ఈ సమస్య బాగా బయటపడింది. కాబట్టి వరద కోసం జలాశయాన్ని నిండుగా ఉంచాలి, చల్లదనం కోసం కూడా అంతే. ఎగుమతి కోసం మాత్రం ఖాళీ చేయాలి.

ఈ చిక్కును విప్పడానికి 2013లో నగరపు నీటి, విద్యుత్ విభాగం, మోనో లేక్ కమిటీ, కాల్‌ట్రౌట్, రాష్ట్ర చేపల, వన్యప్రాణి శాఖ ఒక ఒప్పందానికి వచ్చాయి. గ్రాంట్ లేక్ అలుగు దగ్గర గేటుతో కూడిన నిర్మాణం కట్టి, జలాశయం నిండకపోయినా పెద్ద ప్రవాహాలను కావలసిన తీరున వదిలే వీలు కల్పించాలన్నది అందులో ముఖ్యాంశం. 2021లో బోర్డు ఆ ఒప్పందానికి తగ్గట్టు లైసెన్సులను సవరించింది. 2023లో అసాధారణమైన మంచు కురిసి, సరస్సు ఒక్క సంవత్సరంలో సుమారు 5 అడుగులు పెరిగినప్పుడు కూడా ఆ గేటు ఇంకా లేదు. ఏరు కోరిన శిఖరం అలుగు దయవల్ల వచ్చింది. తగ్గుదలను మలిచే అవకాశం మాత్రం పరిమితంగానే మిగిలింది. వృత్తిలో ఉన్నవారికి నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: ప్రవాహపు పట్టిక మీద సంతకాలు పెట్టే ముందు తూము గరిష్ఠ సామర్థ్యం, అది తెరుచుకునే కనీస మట్టం, ఒక రోజులో ఎంత మార్చగలదన్న వివరాలు ఆ పట్టిక పక్కనే రాసి ఉండాలి. పొడి ప్రాంతాల్లో పెద్ద వరద పదేళ్లకు ఒకటో రెండో వస్తుంది. గేటు ఒక దశాబ్దం ఆలస్యమైతే ఒక తరం చెట్లు పుట్టకుండా పోతాయి.

సరస్సు మట్టం, మిగిలిన పని

1994 నిర్ణయం సరస్సు సుమారు 20 సంవత్సరాల్లో 6,391 అడుగులకు చేరుతుందని అంచనా వేసింది. ఆ అంచనాకు గత దశాబ్దాల ప్రవాహ రికార్డులే తిరిగి వస్తాయన్న ఊహ ఆధారం. 1990ల చివరి తడి సంవత్సరాల్లో మట్టం 6,385 దగ్గరికి వచ్చింది, తర్వాత తగ్గింది. 2015లో 6,380 కంటే కింద ఉండటంతో ఎగుమతిని 4,500 ఎకరా-అడుగులకు కుదించాల్సి వచ్చింది. ఆ ప్రాంతపు వాతావరణం ఎంత మొండిదో తెలిపే గుర్తులు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. సరస్సు తగ్గినప్పుడు బయటపడ్డ పాత చెట్ల మొదళ్లను పరిశీలించిన భూరూప శాస్త్రజ్ఞుడు స్కాట్ స్టైన్, మధ్యయుగంలో అక్కడ వంద సంవత్సరాలకు మించిన కరవులు రెండు వచ్చాయని 1994లో ప్రచురించారు. యాభై సంవత్సరాల రికార్డును పట్టుకుని గడువులు నిర్ణయించేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి. నా దృష్టిలో ఎగుమతి నియమాలు మట్టంతో పాటు మట్టం పెరుగుతున్న వేగాన్ని కూడా చూడాలి. మట్టం నిలిచిపోయిన సంవత్సరాల్లో కూడా 6,380 దాటితే చాలు 16,000 తీసుకోవచ్చన్న ప్రస్తుత మెట్ల పద్ధతి సరస్సును ఆ మెట్టు దగ్గరే ఆపేస్తుంది.

సరస్సు మట్టం ఏటికి కూడా అవసరమే. రష్ క్రీక్ డెల్టాలో పాకిన కోతను ఎగువ నుంచి పంపే ఏ ప్రవాహమూ పూడ్చలేదు. సరస్సు పైకి వచ్చి ముఖద్వారాన్ని నిలువరించినప్పుడే ఏరు అక్కడ వేగం తగ్గి, మోసుకొచ్చిన గులకను, ఇసుకను మేటవేసి తన అడుగును పైకి లేపుకోగలదు. అప్పుడే పక్క నేలల కింది జలమట్టం కూడా లేస్తుంది. అందుకే దిగువ డెల్టాలో చెట్లు నాటాలన్న ప్రతిపాదనలు వచ్చినప్పుడు వాటిని వాయిదా వేయాలన్నది నా సలహా: 6,391 అడుగుల గీతకు కింద నాటిన మొక్క సరస్సు కోలుకుంటే మునిగిపోతుంది, కోలుకోకపోతే ఎండిపోతుంది. ఆ డబ్బును ఆ గీతకు పైన, నారోస్‌కు దిగువన ఇంకా తెరవని పాయల నోళ్ల దగ్గర, జలమట్టాన్ని కొలిచే గొట్టపు బావుల మీద ఖర్చు చేయాలి. అలుగు గేటు పని మొదలయ్యేలోపు ఆ కొలతలు కనీసం ఒక తడి సంవత్సరానికి, ఒక పొడి సంవత్సరానికి చేతిలో ఉండాలి. గేటు వచ్చాక తొలి వరదను ఎంత నిదానంగా తగ్గించాలో వాటిని బట్టే నిర్ణయించవచ్చు.